నాలుగో బెల్టు

టక్కమ్మ ఎడమ మోకాలు కారు గడప మీద ఉంది, కుడికాలు రోడ్డు మీద ఉంది. నడుము నుంచి పై భాగమంతా వెనక సీట్లోకి వంగిపోయి ఉంది. కుడిచేతి వేళ్ళు రెండు బూస్టరు సీట్ల మధ్య సందులో బకిల్ కోసం తడుముకుంటున్నాయి.

"ఎక్కడ చచ్చిందిది?" అంది పళ్ళు బిగబట్టి.

"ఎవరు చచ్చారు టక్కమ్మా?" అంది అవతలి కిటికీ పక్కన కూర్చున్న గంపజుట్టు పిల్ల.

"ఎవరూ చావలేదు. నువ్వు మోచెయ్యి తియ్యి ముందు."

ఆ పిల్ల మోచెయ్యి తీసింది. మధ్య సీట్లోది మాత్రం దేనికీ కదల్లేదు. దానికి ఇల్లు దాటగానే నిద్ర. తల ఒక పక్కకి వాలిపోతుంది, నోరు తెరుచుకుంటుంది, బెల్టు పెట్టబోతే బస్తాలా మీదికి ఒరిగిపోతుంది. దానికి టక్కమ్మ నిద్రమొహం అని పేరు పెట్టుకుంది. ఎడమచేత్తో ఆ తల నిలబెట్టి, కుడిచేతి వేళ్ళతో అడుగున మునిగిపోయిన బకిల్ అంచు దొరకబుచ్చుకుంది. దాన్ని పైకి లాగి, బెల్టు చివర ఉండే లోహపు ముక్కని అందులోకి నెట్టింది. ఆ ముక్కని ఆమె నాలుక అంటుంది.

టక్.

బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఊడలేదు. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

బూస్టరు సీటంటే మరేమీ కాదు. పెద్దవాళ్ళ కొలతకి చేసిన బెల్టు పసివాళ్ళ మెడ కొయ్యకుండా, వాళ్ళని జానెడు ఎత్తున కూర్చోబెట్టే గట్టి ప్లాస్టిక్ పీట. ఒక్క పీటయితే ఏ చిక్కూ లేదు. మూడు పీటలు పక్కపక్కన పెడితే ఒకదాని అంచు ఒకదాని మీదికి ఎక్కుతుంది, బకిళ్ళు సందుల్లోకి పోతాయి. వెనక సీటు ముగ్గురికి అని కారు కాగితాల్లో రాసి ఉంటుంది. అలా రాసిన పెద్దమనిషి ముగ్గురు పిల్లల్ని మూడు పీటల మీద ఒక్కసారైనా ఎక్కించి చూసి ఉండడు. ఎక్కించి ఉంటే వాడి వేళ్ళూ టక్కమ్మ వేళ్ళలాగే ఉండేవి. కణుపుల మీద తోలు లేచి, మానేలోపే మళ్ళీ లేచి, చలికాలమంతా పచ్చిగానే ఉంటుంది. గోళ్ళు ఎప్పుడూ సగానికి విరిగి ఉంటాయి. గోళ్ళరంగు సీసాలు మూడు కొనుక్కుంది గానీ అవి గోళ్ళకి కాదు. ఒక బకిల్ మీద ఎర్రచుక్క, ఒకదాని మీద పచ్చచుక్క, ఇంకోదాని మీద నీలంచుక్క పెట్టింది. నాలుకల మీదా అవే చుక్కలు. లేకపోతే ఒకరి నాలుక ఇంకొకరి బకిల్‌లో పడుతుంది, టక్ మంటుంది కూడా.

పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆమె ఆయా. కేంద్రాన్ని అందరూ సెంటరంటారు. పొద్దున ముగ్గురు పిల్లల్ని ఇళ్ళ దగ్గర కారెక్కించుకుని రావడం, మధ్యాహ్నం నాలుగింటికి మళ్ళీ దిగబెట్టడం, మధ్యలో తుడవడం, కడగడం, నిద్రపుచ్చడం ఆమె పని. బెల్టు పెట్టగానే "టక్ మందా?" అని అడుగుతుంది. "టక్ మంది" అని పిల్లలు అరుస్తారు. అలా ఆమె టక్కమ్మ అయింది. "టక్కమ్మ కాదర్రా, టక్కుటమారమ్మ" అని డ్రైవరు ఏడిపిస్తాడు. నలభై ఏళ్ళవాడు, నోరు ఊరికే ఉండదు గానీ మనిషి మంచివాడు. ఆమె "అయింది" అనేదాకా బండి కదపడు. నాలుగేళ్ళుగా ఇద్దరి మధ్యా ఉన్న ఒప్పందం అదొక్కటే.

"అక్కా, తొమ్మిదవుతోంది" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ.

"తెలుసు. నాకూ కళ్ళున్నాయి" అంది ఆమె. చుట్టూ తిరిగొచ్చి ముందు సీట్లో కూలబడింది. మోకాళ్ళు రెండూ కలుక్కుమన్నాయి. "అయింది. పోనీ."

ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. ముక్కు మీద కోపం అని సెంటర్లో అందరూ అంటారు, నిజమే. ఆ కోపం ఇవాళ్టిది కాదు. ఇరవై రెండేళ్ళు బ్యాగుల ఫ్యాక్టరీలో భుజాల పట్టీలు కుట్టింది. పట్టీ మెలి తిరిగి కుట్టు పడితే, బ్లేడు పెట్టి విప్పి మళ్ళీ కుట్టేది. "ఎవడు చూస్తాడమ్మా?" అని సూపర్‌వైజరు విసుక్కునేవాడు. "మోసేవాడు చూస్తాడు" అనేది. దాంతో లెక్కకి ఎప్పుడూ నాలుగు బ్యాగులు తక్కువ పడేవి, ఎప్పుడూ తిట్లు తినేది. ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం వేసి ఉంది. నూట పదిమంది ఆడవాళ్ళు గేటు ముందు మధ్యాహ్నం దాకా నిలబడి, ఎవరి అన్నం డబ్బా వాళ్ళు అక్కడే తినేసి ఇళ్ళకి పోయారు. గోడలకి రంగులేసే ఆమె మొగుడు ఊపిరితిత్తులు చెడి ఆ మరుసటేడే పోయాడు. కూతురు నర్సు, వేరే ఊళ్ళో ఉంటుంది. చిన్నప్పుడు ఆ కూతుర్ని వాళ్ళ నాన్న సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాడు. బెల్టూ లేదు, గిల్టూ లేదు. "మాకేమైందమ్మా అప్పుడు?" అంటుంది కూతురు ఫోనులో. "ఏమీ కాకపోవడం మన గొప్పా?" అని తల్లి కసురుతుంది.

ఈ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. చేరిన రోజు సెంటరు మేడం ఫోనులో మూడు నిమిషాల వీడియో చూపించి, "వచ్చేసింది కదా" అంది. ఏం రాలేదు. ఆ వారమంతా భోజనాల వేళ తనే వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని చూసుకుంది. ఖాళీ స్థలంలో డ్రైవరు చేత కావాలని బ్రేకు వేయించుకుంది. భుజం మీద బెల్టు పడ్డచోట అయిదు రోజులు నల్లగా కమిలిపోయింది. బెల్టు పట్టుకోవాల్సింది ఎముకనేనని, పొట్ట మీదో మెడ మీదో పట్టుకుంటే కాపాడదని, చంపుతుందని ఆ కమిలిన మచ్చ చూసుకుని తెలుసుకుంది. అప్పట్నుంచి పిల్లల లావుపాటి కోటు విప్పించనిదే ఎక్కనివ్వదు. బెల్టు తొడల మీదికి దించి, మెలి తీసి, టక్ వినాలి, ఆ తర్వాత లాగి చూడాలి. వినడం సగం పని, లాగడం మిగతా సగం.

మూడో ఇంటి ముందు ప్రశ్నలోడు సిద్ధంగా నిలబడి ఉన్నాడు. అయిదేళ్ళవాడు. కారెందుకు నాలుగు చక్రాలు, మేఘం ఎందుకు పడదు, టక్కమ్మకి మీసం ఎందుకొస్తోంది అని అడిగి చంపుతాడు. సన్నగా జల్లు పడుతోంది. ఆ వీధి ఇరుకు, కారు ఆగితే వెనకవాడు కదలడానికి లేదు. వాణ్ణి ఎత్తి పీట మీద కూర్చోబెట్టి, కోటు విప్పించి, బెల్టు మీదుగా లాగింది. అప్పుడే వెనక ఒక వ్యాను హారను మొదలుపెట్టింది. ఒకసారి కాదు, చెయ్యి తియ్యకుండా కొడుతున్నాడు. ఇటు నిద్రమొహం తల మళ్ళీ వాలి ఆమె చేతి మీద పడింది.

"ఒరేయ్, కొట్టుకో! నీ చెయ్యి పడిపోను!" అని వెనక్కి తిరిగి అరిచి, నాలుకని సందులోకి నెట్టింది.

టక్ అని వినిపించింది.

"టక్ మందా?"

"టక్ మంది!" అన్నాడు ప్రశ్నలోడు. వాడి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు ఆమె చూసింది గానీ పట్టించుకోలేదు. నిద్రమొహం తల సర్ది, తలుపు వేసి, వచ్చి ముందు కూర్చుంది. లాగి చూడలేదు.

"అయింది" అంది.

వీధి మలుపులో ఒక సైకిలు అడ్డంగా వచ్చింది. డ్రైవరు వేసింది పెద్ద బ్రేకు కూడా కాదు. కానీ టక్కమ్మ వీపుకి, సీటు వెనక నుంచి, ఏదో దబ్బున తగిలింది. అది వాడి మొహం అని ఆమెకి వెనక్కి తిరక్కుండానే తెలిసిపోయింది.

దిగి, పరిగెత్తి, తలుపు తీసింది. ప్రశ్నలోడు పీట మీంచి జారి కాళ్ళ దగ్గర కూలబడి ఉన్నాడు. కింది పెదవి చిట్లి రక్తం కారుతోంది. బెల్టు వదులుగా వేలాడుతోంది. గంపజుట్టు పిల్ల బిక్కచచ్చిపోయింది. నిద్రమొహం కూడా కళ్ళు తెరిచింది.

"టక్ మంది కదరా! నేను విన్నాను కదరా!" అంది టక్కమ్మ.

వాడు ఏడుస్తూనే, ఆ ఏడుపులోనే కాస్త గొప్పగా, "నేనే అన్నా. నాలుకతో" అన్నాడు. రక్తపు నోటితోనే నాలుక అంగిట్లో కొట్టి చూపించాడు. టక్. అచ్చం బకిల్ చప్పుడే. వారం రోజులు ఇంట్లో సాధన చేశాట్ట.

ఆమె అలాగే రోడ్డు మీద మోకాళ్ళ మీద కూలబడింది. ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కాదు. వాడు అయిదేళ్ళవాడు, చప్పుళ్ళు చెయ్యకపోతే ఇంకేం చేస్తాడు. తన మీద, ఆ వ్యానువాడి మీద, జానెడు సందులో మూడు పీటలు ఇరికించి సరిపోయిందన్న వాళ్ళందరి మీదా మండింది. ఏ నాలుక టక్ మందో తేల్చుకోలేని చెవి ఉంటేనేం, లేకపోతేనేం అనుకుంది. రుమాలు తడిపి వాడి మూతి తుడిచింది, పళ్ళు కదులుతున్నాయేమో ఒక్కొక్కటే పట్టి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. బెల్టు పెట్టి మూడుసార్లు లాగింది.

"దెబ్బ చిన్నదే అక్కా" అన్నాడు డ్రైవరు.

"నోర్ముయ్" అంది.

సెంటర్లో ఆమె నేరుగా మేడం గదిలోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేడం ముప్పై అయిదేళ్ళ మనిషి, సెంటరు ఆవిడదే. ఎప్పుడూ ఇస్త్రీ నలగని బట్టలు, ఎప్పుడూ నవ్వుమొహం. అంతా విని, "సరే సరే, నేను చూసుకుంటా. మీరు వెళ్ళండి" అని పిల్లవాడి తల్లికి ఫోను చేసింది. టక్కమ్మ వెళ్ళలేదు.

"కంగారేం లేదండీ, చిన్న గీత. ఆడుకుంటూ పడ్డాడు, మందు రాశాం..."

"పడలేదు" అంది టక్కమ్మ, ఫోనుకి వినపడేంత గట్టిగా. "బాబు పడలేదమ్మా. బెల్టు పడలేదు. చూసుకోనిది నేను."

మేడం మొహంలో నవ్వు ఉన్నచోటే గడ్డకట్టింది. ఫోనులోంచి తల్లి గొంతు "ఆవిడకివ్వండి" అంది. టక్కమ్మ ఫోను తీసుకుని మళ్ళీ మొదట్నుంచి చెప్పింది, నాలుక సంగతితో సహా.

"ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకోను" అంది తల్లి చివరికి.

"ఊరుకోకండమ్మా" అంది టక్కమ్మ. మనస్ఫూర్తిగానే అంది.

ఫోను పెట్టేశాక మేడం తలుపు దగ్గరికి వేసింది. అప్పటిదాకా ఉన్న మీరు, గారు అన్నీ ఎగిరిపోయాయి. "నా మాటకి అడ్డం తగులుతావా? నీ తప్పు నేను కప్పిపుచ్చుతుంటే నన్నే అబద్ధాలకోరుని చేస్తావా?"

"నా తప్పు నేను ఒప్పుకున్నా. కప్పమని మిమ్మల్ని అడగలేదు."

"సరే. బాగా చెప్పావు. పని చూసుకో. అన్నట్టు మధ్యాహ్నం నుంచి మీ కారులో నలుగురు. ఇవాళ చేరిన పిల్ల మీ దారిలోనే ఉంటుంది."

టక్కమ్మకి మొదట అర్థం కాలేదు. "వెనక మూడే బెల్టులు మేడం."

"సర్దుకోవాలి. అందరూ చిన్నపిల్లలేగా."

"రెండుసార్లు తిప్పుదాం. ముందు ముగ్గుర్ని, తర్వాత ఒకదాన్ని."

"నాలుగున్నరకి ఆ కారు ఇంకో దారికి వెళ్ళాలి. కుదరదు" అని మేడం కాగితాల్లోకి తల దించేసింది. ఆమెకి సంబంధించినంతవరకు సంగతి అయిపోయింది.

కొత్తపిల్ల నాలుగేళ్ళది. పొద్దున వాళ్ళ నాన్న దిగబెట్టి, కవరు కూడా విప్పని కొత్త బూస్టరు సీటొకటి గుమ్మం పక్కన పెట్టి వెళ్ళాడు. ఏడవలేదు, మాట్లాడలేదు, ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ళ వెంట నడుస్తోంది. ఎలా నడిపిస్తే అలా నడిచే ఆ పిల్లని చూసి టక్కమ్మకి ఇంకా కోపం వచ్చింది. గంపజుట్టు పిల్లయితే కనీసం గీ పెట్టి ఊరంతా వినిపించేది.

పిల్లలు పడుకున్నాక ఆ కొత్త పీట కవరుతోనే తీసుకుని కారు దగ్గరికి వెళ్ళింది. డ్రైవరు నీడలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమె మూడు పీటలూ బయటికి లాగింది. నాలుగూ వరసగా పెట్టింది. తలుపు పడలేదు. ఒకటి అడ్డంగా తిప్పింది, ఒకటి ముందుకి జరిపింది. సన్నపీటలు రెండు ఒక పక్క, వెడల్పువి రెండు ఒక పక్క పెట్టింది. చేతులు చాచి కొలిచింది, మూర వేసి కొలిచింది. ఎంత కొలిచినా కారు పెరగలేదు. పెరిగినా అక్కడున్నవి మూడే బకిళ్ళు.

"ఎందుకక్కా తల బద్దలు కొట్టుకోవడం?" అన్నాడు డ్రైవరు. "రెండు కిలోమీటర్లు. మెల్లగా పోనిస్తాలే."

"పొద్దున మెల్లగా పోలేదూ?"

అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు. అతనికీ ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఉద్యోగం పోతే ఇంకోటి దొరికే రోజులు కావు. అది తెలుసు కాబట్టే ఆమె అతన్ని ఇంకో మాట అనలేదు.

నాలుగింటికి పిల్లలు వరసగా వచ్చారు. టక్కమ్మ గంపజుట్టుని ఎక్కించింది. నిద్రమొహాన్ని ఎక్కించింది. ప్రశ్నలోణ్ణి ఎక్కించి, "నోరు తెరిచి ఉంచు, నాలుక నాకు కనపడాలి" అంది. వాడు చిట్లిన పెదవితో నోరు తెరిచి కూర్చున్నాడు. ముగ్గురికీ బెల్టు పెట్టి, ముగ్గురివీ లాగి చూసింది. కొత్తపిల్ల చెయ్యి పట్టుకుని కారు పక్కన నిలబడిపోయింది.

మెట్ల మీంచి మేడం చూస్తూనే ఉంది. అయిదు నిమిషాలు ఆగి దిగి వచ్చింది.

"ఏంటి ఆలస్యం?"

"నాలుగో బెల్టు లేదు."

"ఇంత చిన్నదానికి వేరే బెల్టెందుకు? జరుగు." మేడం స్వయంగా వంగి, నిద్రమొహం బెల్టు విప్పి, కింద పీట తీసేసి, కొత్తపిల్లని దాని పక్కన ఇరికించింది. బెల్టు బాగా పొడుగు లాగి ఇద్దరికీ కలిపి తిప్పింది. అది ఒకదాని భుజం మీంచి, రెండోదాని మెడ కింద నుంచి పోయింది. బకిల్ కోసం వెతికి వెతికి, రంగేసుకున్న గోరు ఒకటి విరగ్గొట్టుకుని, చివరికి నెట్టింది.

టక్.

"చూశావా? టక్ మంది!" అంది మేడం నడుం ఎత్తి. "దీనికింత రాద్ధాంతం చేశావు."

టక్కమ్మ వంగి బకిల్ విప్పే ఎర్రమీట నొక్కింది. బెల్టు సర్రున వెనక్కిపోయింది.

"ఏం చేస్తున్నావు?"

"చప్పుడుదేముంది మేడం, మా ప్రశ్నలోడు నోటితో చేస్తాడు. ఇద్దరికి ఒక బెల్టు పెడితే అది ఎవరినీ పట్టుకోదు. బ్రేకు పడితే రెండు తలకాయలు టెంకాయల్లా కొట్టుకుంటాయి. బెల్టు దీని గొంతుకి పడుతుంది. నేను 'అయింది' అనను."

"నువ్వనకపోతే బండి ఆగిపోతుందా?" మేడం గొంతు మొదటిసారి లేచింది. "పొద్దున పిల్లాడి మూతి పగలగొట్టింది నువ్వు. నువ్వా నాకు బెల్టు పాఠం చెప్పేది?"

ఆ మాట తగలాల్సినచోటే తగిలింది. నిజమే కదా, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరు తిట్టినప్పుడు ఒక్కసారి కూడా తప్పు తనది కాదు. ఇవాళ తనది. తనదైన రోజే ఇది రావాలా? కారులోంచి నాలుగు జతల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ప్రశ్నలోడు ఇంకా నోరు తెరిచే ఉన్నాడు, ఎవరూ ముయ్యమనలేదు మరి.

"అవును, పగిలింది" అంది టక్కమ్మ. "పగిలింది కాబట్టే చెప్తున్నా. పగలనివాళ్ళకి తెలీదు. వాడి మొహం నా వీపుకి తగిలింది మేడం. సీటు అడ్డముండి కూడా తగిలింది. మీకు తగల్లేదు."

"డ్రైవరూ, బండి తియ్యి."

డ్రైవరు తాళం చేతిలో పట్టుకుని నేల చూపులు చూశాడు. తియ్యనూ లేదు, తియ్యనని అననూ లేదు.

అప్పుడు టక్కమ్మ ముందు సీటు వంక చూసింది. తను కూర్చునే సీటు. నాలుగేళ్ళలో ఆమె ఒంటికి తగ్గట్టు మధ్యలో కాస్త గుంట పడింది. పక్కన బెల్టు వేలాడుతోంది. వెనక నాలుగో బెల్టు లేదు గానీ, కారులో ఉంది.

కొత్తపిల్లని వెనక నుంచి దింపింది. నిద్రమొహం పీట మళ్ళీ మధ్యలో పెట్టి, దాన్ని కూర్చోబెట్టి, బెల్టు పెట్టి లాగింది. మధ్యాహ్నం కారు పక్కనే వదిలేసిన కొత్త పీట తెచ్చి కవరు చింపింది. ముందు సీటు కింద కడ్డీ ఎత్తి, సీటుని పోగలిగినంత వెనక్కి జరిపింది. పీట పెట్టి, కొత్తపిల్లని ఎత్తి కూర్చోబెట్టి, చిన్న కోటు విప్పించింది.

"మరి నువ్వెక్కడ కూర్చుంటావక్కా?" అన్నాడు డ్రైవరు.

"నేను కూర్చోను. ఇళ్ళ దగ్గర నువ్వు దిగి, రోడ్డు వైపు కాకుండా ఇటువైపు నుంచి దింపు. తల్లి చేతికి చెయ్యి అందిస్తే గానీ వదలకు. వింటున్నావా?"

"ముందు సీట్లో పిల్లలా?"

"తప్పే. చిన్నపిల్లలు ముందు కూర్చోకూడదు. కానీ ఉన్న తప్పుల్లో చిన్నది. ఈ ఒక్క పూటకే." బెల్టు కొత్తపిల్ల భుజం మధ్యలో పడేలా సరిచేసింది, తొడల మీదికి దించింది, మెలి చూసింది. ఇక్కడ సందు లేదు, ఇరుకు లేదు, బకిల్ వెంటనే దొరికింది. "టక్ మందా?"

ఆ పిల్ల పొద్దున్నుంచి మొదటిసారి నోరు విప్పింది. "తెలీదు" అంది.

"మంచి మాటన్నావు" అంది టక్కమ్మ. రెండుసార్లు లాగింది. అటు వెళ్ళి వెనక మూడూ మళ్ళీ లాగింది. తలుపులు వేసింది. డ్రైవరు కిటికీలోంచి ఆమె వంకే చూస్తున్నాడు.

"అయింది" అంది.

కారు గేటు దాటి మలుపు తిరిగిపోయింది. ప్రశ్నలోడు వెనక అద్దంలోంచి చూద్దామని తల తిప్పబోయాడు గానీ బెల్టు వాణ్ణి తిరగనివ్వలేదు.

నాలుగేళ్ళలో ఈ దారిలో ఆ కారు ఆమె లేకుండా వెళ్ళడం అదే మొదలు. ఆవరణలో ఆమె, మేడం, చిరిగిన ప్లాస్టిక్ కవరు మిగిలారు. టక్కమ్మ వంగి కవరు తీసి చెత్తబుట్టలో వేసింది. తిరిగి చూసేసరికి మేడం మొహంలోకి పాత నవ్వు వచ్చేసి ఉంది. మళ్ళీ మీరు, గారు కూడా వచ్చేశాయి.

"చూశారా, ఆలోచిస్తే దారి దొరికింది. బాగుంది ఇలా. నలుగురూ సరిపోయారు."

"ఈ పూటకే అని చెప్పాను."

"కాదు కాదు, ఇదే పద్ధతి కానిద్దాం. మీకూ వయసైంది, ఆ మోకాళ్ళతో రోజూ ఎక్కడం దిగడం కష్టం కదా. ఇంక కారులో ఆయాతో పని లేదు. లోపల పనికి ఉన్నవాళ్ళు చాలు. నెల జీతం మొత్తం ఇచ్చేస్తాను, రేపట్నుంచి రానక్కర్లేదు."

టక్కమ్మకి వెంటనే కోపం రాలేదు. పిల్లని కూర్చోబెట్టడానికి తన చోటు తనే ఖాళీ చేసింది. ఆ ఖాళీలోంచే తనని బయటికి తోశారు. తర్వాత వచ్చింది కోపం, అరికాలి నుంచి నెత్తికి. ముందు సీట్లో రోజూ ఆ పసిపిల్ల. ఒక్క పూట తప్పు రేపట్నుంచి పద్ధతి. దానికి దారి చూపించింది తనే.

"పొద్దున ఇళ్ళ దగ్గర బెల్టులెవరు పెడతారు?" అంది.

"తల్లిదండ్రులు పెడతారు. వాళ్ళ పిల్లలేగా."

మెట్ల మీద ఇంకో ఇద్దరు ఆయాలు వచ్చి నిలబడ్డారు. ఏడుస్తుందేమో, కాళ్ళు పట్టుకుంటుందేమో అని చూస్తున్నట్టున్నారు. టక్కమ్మ అటు చూడలేదు. నీలం ఏప్రను విప్పింది, మడవకుండా మేడం చేతిలో పెట్టింది. కణుపుల మీద లేచిన తోలు మేడం కళ్ళముందు ఎర్రగా కనిపించింది.

"లాగి చూడమని చెప్పండి" అంది. "పెట్టేసి వెళ్ళిపోతారు అందరూ. విన్నంత మాత్రాన అవదని, లాగి చూడమని చెప్పండి. ఆ కొత్తపిల్ల నాన్నకి నేనే చెప్తా. ముందు సీట్లో కూర్చోబెట్టారని కూడా చెప్తా. ఎందుకో చెప్తా. ఇల్లెక్కడో కనుక్కోలేనా?"

మేడం నవ్వు రెండోసారి గడ్డకట్టింది. టక్కమ్మ ఆ మొహం ఇంక చూడదల్చుకోలేదు. గేటు తీసుకుని, మళ్ళీ మర్యాదగా మూసి, బస్‌స్టాపు వైపు నడిచింది. నడుస్తున్నంతసేపూ లోలోపల తిడుతూనే ఉంది. మేడంని, వ్యానువాణ్ణి, ఫ్యాక్టరీ గేటుని, తాళం వేసినవాణ్ణి, ముగ్గురికని రాసిన ఆ కాగితాల పెద్దమనిషిని తిట్టింది. ప్రశ్నలోడి దగ్గరికి వచ్చేసరికి తిట్టు రాలేదు. రేపు వాడి బెల్టు ఎవరు లాగుతారో తెలియక కళ్ళు చెమర్చాయి. వాటినీ తిట్టి తుడుచుకుంది.

బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, అలవాటు ప్రకారం నడుం దగ్గర తడుముకుంది. పాసు లేదు, టికెట్టుకి చిల్లరా లేదు. వంగినప్పుడల్లా జారిపోతోందని, కారెక్కగానే దాన్ని ముందు తలుపు అరలో పడేస్తుంది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తీసుకుంటుంది. ఇవాళ సాయంత్రం ఆ సీట్లో తను లేదు.

"ఎక్కుతావా లేదా అమ్మా?" అన్నాడు కండక్టరు.

వెనక్కి వెళ్ళాలి, ఆ గేటు మళ్ళీ దాటాలి, కారు వచ్చేదాకా ఆ మెట్ల దగ్గర నిలబడాలి. టక్కమ్మ కాలు దింపేసింది.

"నువ్వు పోవయ్యా" అంది. రోడ్డు దాటి, ఇంటి దారి పట్టింది. నాలుగు కిలోమీటర్ల దూరం.

కారు ముందు తలుపు అరలో, కొత్త పీట పక్కన, ఇంకా పదకొండు రోజులు చెల్లే బస్సు పాసు ఉండిపోయింది. దాని మీది ఫోటోలో ఆమె, నవ్వమని ఎంత చెప్పినా నవ్వకుండా, కళ్ళెర్రజేసి సూటిగా చూస్తోంది.